షిగెమత్సు ఇంటి కషాయం

"కషాయంలో వసనాభి వేశారా లేదా? అవునో కాదో చెప్పండి చాలు!"

ఒబాతా అరచేత్తో బల్ల మీద కొట్టాడు. కప్పులో టీ తొణికి సెన్సే చేతిమీద పడింది. హిరుమా సెన్సే రుమాలు తీసి ముందు బల్ల తుడిచారు, తర్వాత చెయ్యి తుడుచుకున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ డాక్టరు, ఊరందరికీ 'సెన్సే', అంటే గురువుగారు. వేర్లూ బెరళ్ళూ కాచి తాగించే మా పాత వైద్యంలో ఈ ఇనామి ఊరికి ఆయనే దిక్కు. మా అమ్మ ఆస్తమాని ఆయనే లొంగదీశారు. అందుకని ఈ కేసులో నేను పక్షపాతినని ఒబాతా ఇప్పటికే పై వాళ్ళకి చెప్పేశాడు.

"వేశాను," అన్నారు సెన్సే. "ఆవిరిలో ఉడికించి విషం విరిచిన నాభి వేరు. మందుల షాపులో దొరుకుతుంది. మీ నాన్నగారి మోకాళ్ళకి కూడా ఎవరో ఇచ్చే ఉంటారు."

"మా నాన్న సంగతి మీకెందుకు?"

"చలికాలం కదా, ఎలా ఉన్నారోనని."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. నవ్వే సందర్భం కాదు. మొన్న పొద్దున తోకుహే షిగెమత్సు భోజనాల బల్ల ముందే కూలిపోయాడు. గుళ్ళకి చెక్కమీద నెమళ్ళూ మేఘాలూ చెక్కే పేరున్న శిల్పి. రెండేళ్ళ నుంచి కిడ్నీలు దాదాపు పనిచెయ్యడం లేదు. డయాలసిస్ మిషన్ ఎక్కనని భీష్మించుకుని, సెన్సే ఇచ్చే కషాయంతో నెట్టుకొస్తున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం ఉంది. అప్పుడు తీసిన రక్తంలో పొటాషియం ఎంత ఉందంటే, ఏ గుండే అంత తట్టుకోదు. గంట తిరక్కుండా పోయాడు. ఆయన ఫ్లాస్కులో మిగిలిన కషాయం పరీక్షిస్తే అందులోనూ పొటాషియమే.

అంతే, జిల్లా పోలీసు హెడ్‌క్వార్టర్స్ నుంచి ఒబాతా దిగాడు. ఊరి స్టేషన్లో ఉన్న నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, రెండు హోదాలు పెద్దవాడు. దిగిన రోజే కేసు తేల్చేసి, ఈ పొద్దున టీవీ వాళ్ళ ముందు నిలబడి 'ఆ కషాయం మనిషిని చంపింది' అని చెప్పేశాడు. సాయంత్రం సెన్సేని అరెస్టు చేస్తాడట.

సెన్సే జైలుకెళ్తే బాధే. కానీ నన్ను నిలవనివ్వనిది అది కాదు. తోకుహే కూతురు చినామికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. తండ్రి రోగమే వచ్చింది, తండ్రి మందే తాగుతోంది. నిన్న నా చెయ్యి పట్టుకుని, "కుసబా గారూ, ఆ మందు ఆపితే ఏడాదిలో మిషన్ ఎక్కుతాను. తాగితే నాన్నలా పోతానా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి," అని అడిగింది. దానికి జవాబు ఒబాతా దగ్గర ఉందట. 'తాగొద్దు' అని ఆర్డరు వేసి చేతులు దులుపుకున్నాడు.

"సెన్సే," అన్నాను, "కషాయంలో పొటాషియం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఏ మొక్కని కాచినా కొంత దిగుతుంది. నా పొట్లంలో ఉన్నవి అయిదే. రేవల్చిన్ని, జిన్‌సెంగ్, శొంఠి, అతిమధురం, నాభి. అన్నీ కలిపి కాస్తే సగం అరటిపండులో ఉన్నంత రావచ్చు. పైగా అతిమధురం పొటాషియాన్ని తగ్గిస్తుందమ్మా. ఆయనకి మరీ తగ్గిపోతుందేమోనని నేను భయపడేవాణ్ణి."

"అబ్బో, భయపడేవారట!" అన్నాడు ఒబాతా.

నేను ఆసుపత్రి రిపోర్టులు ముందుకి జరిపాను. "సెప్టెంబరు దాకా బాగానే ఉంది. అక్టోబరులో పెరిగింది. ఈ నెల ఇంకా పెరిగింది. సెప్టెంబరులో ఏం మారింది?"

"నేనేమీ మార్చలేదు." సెన్సే కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చూశారు. ఒక వరస దగ్గర వేలు ఆపారు. "ఇదిగో, ఇక్కడ రాశారు. సెప్టెంబరు నుంచి కఠినమైన పథ్యం. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే!"

"ఆసుపత్రి వాళ్ళకీ మీ మందు సంగతి చెప్పలేదు లెండి," అన్నాను. మా ఊళ్ళో అంతే. పెద్దాసుపత్రికెళ్తే వేర్ల మందు దాస్తారు, వేర్ల డాక్టరు దగ్గర ఆసుపత్రి మాట దాస్తారు. ఇద్దరికీ కోపం రాకూడదని ఇద్దరినీ చీకట్లో పెడతారు.

"పథ్యం బిగించాక పొటాషియం తగ్గాలి," అన్నారు సెన్సే. "పెరిగిందంటే తిండిలోంచి కాక ఇంకో దారిన వెళ్తోంది."

"ఆ దారి మీ పొట్లమే!" ఒబాతా లేచాడు. "ఇంతోటిదానికి ఇంత చర్చ ఎందుకు? కుసబా గారూ, మీ పాఠం అయిపోయిందా?"

"ఇంకొక్కటి. సెన్సే, ల్యాబులో ఆ కషాయం వడకట్టబోతే కాగితం మూసుకుపోయిందట. జిగురుగా ఉందన్నారు."

సెన్సే తల ఎత్తారు. "జిగురా? నా మందు టీ నీళ్ళలా పల్చగా ఉంటుంది. అందులో జిగురు పుట్టించేది ఒక్కటీ లేదు."

"రెండు రోజులు నిలవున్నది పాడై ఉంటుంది," అన్నాడు ఒబాతా.

"ఫ్రిజ్‌లో పెట్టి సీలు వేసింది మీరే కదా ఇన్‌స్పెక్టర్ గారూ. మరి మీ సీలులోనే పాడైందా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. నాకు కాస్త చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు.

* * *

షిగెమత్సు ఇంటికి నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నాను. ఒబాతా నా తోక పట్టుకుని వచ్చాడు. నేనేదైనా సాక్ష్యం తారుమారు చేస్తానని భయం కాబోలు.

గేటు దగ్గర రోకుసుకె ఎదురయ్యాడు. చనిపోయినాయన తమ్ముడు, అరవై దాటాడు, ఇతనూ చెక్క చెక్కేవాడే. అదే రోగం ఇతనికి ముందే ముదిరింది. పదకొండేళ్ళుగా వారానికి మూడుసార్లు మిషన్ ఎక్కుతున్నాడు. ఎడమ ముంజేతి మీద నరం వేలంత ఉబ్బి ఉంది. కారులోకి చెక్కపట్టీలు ఎక్కిస్తున్నాడు.

"ఇంకా తిరుగుతున్నారా?" అన్నాడు. "పొద్దున టీవీలో చెప్పేశారుగా. నేను అన్నయ్యకి మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా. మిషన్ ఎక్కు అన్నయ్యా, సిగ్గెందుకు, నేను ఎక్కట్లేదా అని. వింటేగా! ఆకులూ అలములూ నమ్ముకున్నాడు."

"మరి ఆ ఆకులూ అలములూ సెన్సే దగ్గర్నుంచి ఎవరు తెచ్చేవారు?"

"నేనే. నా మిషన్ అయ్యాక దారిలోనే కదా. వదినకి కారు రాదు. అన్నయ్య కోసం ఆమాత్రం చెయ్యనా?" కారు తలుపు వేశాడు. "పనుంది, వెళ్ళొస్తా. గుడి వాళ్ళకి నెలాఖరుకి పలక ఇవ్వాలి. చినామి పొద్దున్నే షెడ్డుకి వెళ్ళిపోయింది, ఒక్కతే ఉలి పట్టుకుని కూర్చుంది పాపం."

"ఇక మీదట షెడ్డూ, ఈ ఇంటి శిల్పుల పేరూ ఆమెవే అనుకుంటాను."

"అన్నయ్య అందరి ముందూ చెప్పేశాడుగా, నా తర్వాత నా కూతురే అని. నలభై ఏళ్ళు పక్కన కూర్చుని చెక్కినవాణ్ణి నేను. అయినా బాగుంది, పిల్ల బాగా చెక్కుతుంది. నేనేమంటాను?" నవ్వాడు. నోటితో నవ్వాడంతే. కారు వెళ్ళిపోయింది.

"చూశారా," అన్నాడు ఒబాతా, "ఆయనకున్న జ్ఞానం మీ సెన్సేకి లేదు."

నేను బూట్లు విప్పి లోపలికి నడిచాను.

తోకుహే భార్య ఫుసయే గారు మమ్మల్ని చూసి మోకాళ్ళ మీద కూర్చుని నేలకి తల ఆనించారు. భర్త ఫొటో ముందు అన్నం గిన్నె ఇంకా ఆవిరి కక్కుతోంది. ఆవిడది నోట్లో నాలుక లేని స్వభావం. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎవరికీ ఎదురు చెప్పడం వినలేదు.

"వంటిల్లు చూడొచ్చా అమ్మా?"

"అయ్యో, అంతా చిందరవందరగా ఉంది..."

చిందరవందరేమీ లేదు. అద్దంలా ఉంది. పొయ్యి పక్కన కషాయం కాచే మట్టికుండ బోర్లించి ఉంది. లోపల వేలు పెట్టి తుడిచాను. కడిగిన కుండే, అయినా వేలికి సన్నటి జిగురు తగిలింది. ఒబాతా ముఖం ముందు వేలు పెట్టాను.

"మీ సీలు ఇక్కడ లేదు కదా?"

"కుండ సరిగ్గా తోమలేదు. దానికి నన్నేం చెయ్యమంటారు?"

కిటికీ దగ్గర గుడ్డ సంచి వేలాడుతోంది. కాచేసిన మందు పిప్పి. మా దగ్గర దాన్ని ఎవరూ పారెయ్యరు. ఆరబెట్టి స్నానాల తొట్టిలో వేసుకుంటారు, ఒళ్ళు వెచ్చబడుతుందని. సంచి విప్పి న్యూస్ పేపరు మీద కుమ్మరించాను. పసుపు పచ్చటి రేవల్చిన్ని ముక్కలు, శొంఠి, అతిమధురం పుల్లలు. వేలితో కెలుకుతూ పోయాను.

"కుసబా గారూ, జిల్లా హెడ్‌క్వార్టర్స్ టైము చెత్తలో పోస్తున్నారు," అన్నాడు వెనకనుంచి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరెప్పుడైనా వంట చేశారా?"

"దానికీ కేసుకీ సంబంధం?"

"చేసుంటే ఇది గుర్తుపట్టేవారు." రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాను. ఒకటి ఎర్రటి చిన్న కాడ, పాలకూర వేరు కొస. రెండోది పీచు పీచుగా ఉన్న నల్లటి తొక్క, చామదుంపది. "సెన్సే అయిదు రకాలు చెప్పారు. ఇవి ఆరూ ఏడూ."

"కూరగాయలు తరిగిన చోట పడి ఉంటాయి."

"ఒకసారి పడొచ్చు." ఇంకా కెలికాను. మరో రెండు తొక్కలు, మరో కాడ. "రోజూ పడవు."

నేను ఫుసయే గారి వైపు తిరిగాను. గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నారు.

"అమ్మా, ఒక్క సాయం చెయ్యాలి. మీరు రోజూ ఎలా కాస్తారో అలాగే ఒక్కసారి కాచి చూపించండి. ఏదీ వదలొద్దు, ఏదీ కలపొద్దు. మేము లేమనుకోండి."

"తాగకూడదని ఆర్డరు కదండీ..."

"ఎవరూ తాగరు. ఊరికే చూడ్డానికి."

ఆవిడ ఒబాతా వైపు చూశారు. అతను విసుగ్గా తల ఊపాడు. ఆవిడ అలమర తీసి పొట్లం ఒకటి విప్పారు, కుండ తిప్పి పెట్టారు, మందు అందులో పోశారు. నేను కుళాయి వైపు చూస్తున్నాను. ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. ఫ్రిజ్ తలుపు తీశారు.

కింద అరలోంచి పెద్ద గాజు జగ్గు బయటికొచ్చింది. అందులో నీళ్ళు తేటగా లేవు. పచ్చగా, అడుగున మడ్డిగా ఉన్నాయి. ఆవిడ ఒక్క చుక్క కూడా పొయ్యి మీద పడకుండా, ఎంతో జాగ్రత్తగా కుండలోకి వంచారు.

"అమ్మా, అవి ఏం నీళ్ళు?"

"కూరలు ఉడికించిన నీళ్ళండీ."

మొదట నోరు తెరిచింది ఒబాతాయే. గొంతు కీచుగా వచ్చింది. "ఆసుపత్రిలో ఏం చెప్పారు మీకు? కూరలు బాగా ఉడికించి, ఆ నీళ్ళు..."

"పారబొయ్యమన్నారండీ. సెప్టెంబరులో. కూరలో ఉన్న చెడంతా నీళ్ళలోకి దిగుతుందట, పారబోసి కూర పెట్టమన్నారు. అలాగే పెట్టాను. ఒక్కరోజు కూడా తప్పలేదు." ఆవిడ జగ్గు రెండు చేతులతో పట్టుకున్నారు. "మొదట్లో పారబోసేదాన్ని. పారబోస్తుంటే మనసొప్పేది కాదు. మా అత్తగారు బియ్యం కడుగు కూడా పారబొయ్యనిచ్చేవారు కాదు. అయినా పారబోశాను. తర్వాత సెన్సే చెప్పారు, మందు ఆ నీళ్ళతోనే కాచమని."

"సెన్సే చెప్పారా!" ఒబాతా నా వైపు గిర్రున తిరిగాడు. "విన్నారా? ఇంకేం కావాలి మీకు?"

"మీరు కాసేపు నోరు మూసుకోండి," అన్నాను. హోదా గుర్తొచ్చేలోపే అనేశాను. "ఫుసయే గారూ, సెన్సే మీతో అన్నారా? ఆయన నోటితో?"

"నాతో కాదండీ. కబురు పంపించారు."

"ఎవరితో?"

"రోకుసుకెతో. మందు తెచ్చినప్పుడు చెప్పాడు. వదినా, సెన్సే కొత్త పద్ధతి చెప్పారు, కూరల సారం ఆ నీళ్ళలో ఉంటుంది, చెడుని రేవల్చిన్ని బయటికి తోసేస్తుంది, మంచి ఒంటికి పడుతుంది అని. నేను కూడా అలాగే తాగుతున్నా, చూడు పదకొండేళ్ళుగా ఎలా ఉన్నానో అన్నాడు. ఆసుపత్రిలో మాత్రం అనకు, వాళ్ళకి మన వైద్యం తెలీదు, సెన్సేకి మాటొస్తుంది అన్నాడు."

పదకొండేళ్ళు మిషన్ ఎక్కినవాడు. ఏ కూరలో పొటాషియం ఎంతుందో, ఉడికిస్తే ఎంత దిగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అది తెలిస్తేనే వాళ్ళు బతికేది. ఆ నీళ్ళు తాగేవాడైతే ఈపాటికి అన్నయ్యకి తోడుగా పోయి ఉండేవాడు.

"ఒక్కసారి సెన్సేని అడగాల్సిందమ్మా."

"ఎలా అడుగుతానండీ?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంత పెద్దాయన కబురు పంపిస్తే, నిజమేనా అని అడిగితే ఎంత తప్పు? ఆయన్ని అనుమానించినట్టు కాదూ?"

నేనైనా అడిగేదాన్ని కాదేమో. రోకుసుకెకి వదిన గురించి తెలుసు, ఈ ఊరి మర్యాద గురించీ తెలుసు. విషం కొనాల్సిన పనే లేకపోయింది వాడికి.

ఒబాతా కుర్చీలో కూలబడ్డాడు. "కానీ రుచి..." అన్నాడు. "ఆయనకి తెలిసేది కదా?"

"ఆ మందు మీరెప్పుడూ తాగలేదు కదా? అంత చేదులో పాలకూర రుచి ఎవరికి తెలుస్తుంది?"

అప్పుడు జగ్గు మీద నా చెయ్యి పడింది. ఫ్రిజ్‌లోంచి తీసిన జగ్గు. చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉంది.

"ఫుసయే గారూ, తోకుహే గారు పోయి రెండు రోజులైంది. ఈ నీళ్ళు ఇవాళ ఉడికించినవి. ఎవరికోసం?"

ఆవిడ తల దించుకున్నారు. ఒబాతా లేచి నిలబడ్డాడు. "మందు ఆపేశానని మీ అమ్మాయి నాతో చెప్పింది. సంతకం కూడా పెట్టింది!"

"క్షమించండి. పిల్ల భయపడుతోందండీ. ఆపితే మిషనేనని ఏడ్చింది. రోకుసుకె కూడా, పోలీసులకేం తెలుసు, తాగనివ్వు వదినా, నీళ్ళు ఇంకాస్త చిక్కగా చెయ్యి, బలం కావాలి దానికి అన్నాడు. అందుకని ఈ రెండు రోజులూ చామదుంపలు ఎక్కువ వేసి..."

నేను అప్పటికే ఫోన్ తీశాను. చినామి నంబరు. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఒబాతాకి కూడా వినపడాలని స్పీకరు పెట్టాను. అవతల ఎత్తారు.

"హలో," అంది మగ గొంతు. తాపీగా ఉంది.

"రోకుసుకె గారూ, చినామికి ఇవ్వండి."

"ఎవరూ, కుసబా గారా? ఇప్పుడే వచ్చాను నేను. పిల్ల పడుకుందండీ. కాళ్ళు బరువెక్కాయి, పెదాలు తిమ్మిరిగా ఉన్నాయి అంటోంది. నీరసం. తండ్రి పోయిన దుఃఖం కదా. తీపి తింటే ఓపికొస్తుందని ఎండు పెర్సిమన్ పళ్ళు ఓ నాలుగు తినిపించాను."

కిడ్నీ రోగి ఒక్కటి కూడా తినకూడని, పొటాషియం నిండిన పళ్ళవి. ఒబాతా పక్కకి వెళ్ళి తన ఫోన్లో ఆంబులెన్సుకి షెడ్డు అడ్రసు చెబుతున్నాడు. కేసు మొదలయ్యాక అతను నన్ను అడక్కుండా చేసిన మొదటి మంచి పని.

"ఇంకేమీ పెట్టకండి," అన్నాను. "మందు తాగించకండి. పది నిమిషాల్లో వస్తున్నాం."

"మందా? అది నేను రాకముందే తాగేసిందండీ, ఫ్లాస్కు ఖాళీ. వద్దని నిన్న కూడా ఎంత మొత్తుకున్నానో! పొద్దున టీవీలో ఇన్‌స్పెక్టర్ గారు స్వయంగా చెప్పారు కదా, ఆ కషాయం మనుషుల్ని చంపేస్తుందని. ఊరంతా విన్నారు. రేపు పిల్లకేమైనా అయితే ఎవరైనా సెన్సేనే అంటారు గానీ..." ఒక నిట్టూర్పు. "సరే, రండి. కంగారేం లేదు."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేశాను. స్విచాఫ్.

ఒబాతా ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అన్నని చంపడానికి వాడికి వదిన చాలింది. పిల్లని చంపి తప్పించుకోవడానికి మాత్రం ఒబాతా టీవీలో అన్న మాట కావాల్సొచ్చింది. ఆ సంగతి అతనికి నేను చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. "కారు నేను నడుపుతాను," అన్నాడు, బూట్లు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తాడు.

నేను గుమ్మం దాటుతుంటే ఫుసయే గారు నా కోటు పట్టుకున్నారు. ఆవిడకి అంతా తెలిసిపోయింది.

"పొద్దున చినామి ఫ్లాస్కు మర్చిపోయి వెళ్ళిపోతుంటే నేనే పరుగెత్తానండీ," అన్నారు. "వీధి చివర దాకా వెళ్ళి, కారు ఆపి, పిల్ల చేతిలో పెట్టొచ్చాను."